ఏడ్చే గోరీకి సున్నం

మా వీధిలో మిస్ క్లోటిల్డ్ ఫోంటెనో అంటే తెలియనివాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు బడి వంటశాలలో పిల్లలకు ఎర్రచిక్కుళ్ళూ అన్నమూ వండిపెట్టింది. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. ఎందుకని అడిగితే, పగలు మూడొందల మందికి వండి రాత్రి ఇంకొకడికి కూడా వండాలా అనేది. డెబ్బై నాలుగో ఏట ఆమెకు మిగిలిన దిగులు ఒక్కటే. సెయింట్ ఆర్నో శ్మశానంలో వాళ్ళింటి ఇటుక గోరీ నిలబడాలి, తను పోయాక అందులో మేనత్త యూలాలీ పక్కన చోటు దొరకాలి. మా న్యూ ఆర్లీన్స్‌లో ఒకే గోరీలో ఇంటిల్లిపాదీ సర్దుకుంటారు. కొత్తవాళ్ళు వస్తే పాత ఎముకలు వెనక్కి జరుగుతాయి.

ఆ మేనత్త లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేసి, ఎనభై మూడేళ్ళు బతికి, చక్కెర జబ్బుతో పోయింది. బ్రెంట్ అనే గైడు ఆమెను పెళ్ళినాడే విషం తాగి చచ్చిన పడుచుపిల్లను చేశాడు. ఒహాయో నుంచి వచ్చి రెండేళ్ళు కాలేదు, మా దెయ్యాలన్నీ వాడికి పేరుపేరునా తెలుసు. పొద్దున పదింటికో టూరిస్టుల గుంపు, మధ్యాహ్నం రెండింటికో గుంపు. పట్టపగలు దెయ్యాన్ని చూపించాలంటే గుండె ఉండాలి, సిగ్గు ఉండకూడదు. వాడికి రెండూ కుదిరాయి.

మా దగ్గర పాత ఇటుకకు, లోపలి తడి ఆరే దారి ఉండాలని, సున్నం తప్ప ఇంకేదీ తగలనివ్వరు. ఏటా నవంబరు ఒకటిన, పునీతుల పండక్కి, ఎవరింటి గోరీకి వాళ్ళు సున్నం కొట్టి చేమంతులు పెడతారు. ఒక ఏడాది మిస్ క్లోటిల్డ్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉండిపోయింది. అదే అదనుగా బ్రెంట్ భక్తబృందం దుకాణంలో గులాబీ రంగు డబ్బాలు కొనుక్కొచ్చి పెళ్ళికూతురికి కానుకగా గోరీకి రెండు పూతలు పూసింది.

వేసవి వచ్చేసరికి గోడ నీళ్ళు కారడం మొదలుపెట్టింది. దెయ్యం ఏడుస్తోందన్నాడు బ్రెంట్. ఇక జనమే జనం. ఆ కన్నీళ్ళను చేతిరుమాళ్ళకు అద్దుకున్నారు. ఒక పెద్దమనిషి నాలుక్కి రాసుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను వెళ్ళి రంగు ఉబ్బిన చోట వేలు పెడితే లోపలి ఇటుక తడిసిన బెల్లంలా ఊడి వచ్చింది. ఆ సంగతి మిస్ క్లోటిల్డ్‌కి చెప్పాను. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే నన్ను పెట్టడానికి గోడే ఉండదు అంది.

పండక్కి రెండు రోజుల ముందు ఆమె చేతికర్రతో, నేను సున్నం బకెట్టుతో, ఐదు చెక్క గరిటెలతో వెళ్ళాం. పదింటికి బ్రెంట్ ఇరవై మందిని వెంటేసుకుని వచ్చాడు. సంగతి అర్థమై పక్కకు పిలిచి బతిమాలాడు.

"మిస్ క్లోటిల్డ్, ఆ ఏడుపు ఆగితే నా బతుకేం కావాలి?"

"మా అత్త జన్మలో ఏడవలేదు నాయనా. బస్సు ఆలస్యమైతే డ్రైవర్ని ఏడిపించేది. ఇది ఊపిరాడక గోడకు పట్టిన చెమట. రంగు పూయించింది నువ్వు, గీకేదీ నువ్వే" అని గరిటె వాడి చేతిలో పెట్టింది.

గుంపులో ఒకావిడ, గీకితే దెయ్యానికి కోపం రాదా అని అడిగింది.

"వస్తుంది" అంది మిస్ క్లోటిల్డ్ తాపీగా. "గీకనివాళ్ళ వెంట ఇంటిదాకా వస్తుంది."

అంతే, ఐదు గరిటెల కోసం తోపులాట. అందనివాళ్ళు హోటల్ గది తాళం కార్డులతో గీకారు. మెల్లగా గీకండి, అది ఇటుక, మీ ఇంటి మాడిన గిన్నె కాదని ఆమె రాతిపలక మీద కూర్చుని వడ్డనశాలలో పిల్లల్ని అదిలించినట్టు అదిలించింది. రెండింటికల్లా యూలాలీ పేరు బయటపడింది. మర్నాడు సున్నం కొట్టాం. వారం తిరక్కుండా ఏడుపు ఆగింది.

"నేను ఇందులోకి వెళ్ళాక నా గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పు" అందామె బ్రెంట్‌తో. వాడు నవ్వి ఒప్పుకున్నాడు.

రెండేళ్ళకు ఆమె గుండె ఆగి చనిపోయింది. గోరీ తెరిచి, అత్త ఎముకల్ని వెనక్కి జరిపి, ఆమెను పెట్టాం. గోడ గట్టిగా ఉంది. ఈ ఏడు సున్నం కొట్టడానికి నేనొక్కరినే వెళ్ళాను. బ్రెంట్ గుంపుతో వచ్చి మాట నిలబెట్టుకున్నాడు. ఇక్కడ క్లోటిల్డ్ ఫోంటెనో ఉంది, ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు వండింది, గుండెజబ్బుతో పోయింది అన్నాడు. దెయ్యంగా వస్తుందా అని ఒకడు అడిగితే రాదన్నాడు. ఒక్కరూ ఫొటోకి ఫోను పైకెత్తలేదు. పక్క గోరీకి నడిచారు.

నేను కుంచె బకెట్టులో పడేసి వెక్కివెక్కి ఏడ్చాను. ఆ గోరీ దగ్గర నిజంగా ఎవరైనా ఏడ్చింది ఆ రోజే. చూడ్డానికి ఒక్కడూ ఆగలేదు.