లామినేట్ కింద నల్లబండలు

మా ఇంటి నేల మార్చే పనిలో జమ్మలమడుగు బండల యార్డు గుమాస్తాను ఒక్క గుద్దుతో పడగొట్టాను. అడ్డం వచ్చిన ఇద్దరు హమాలీల ముక్కులు పగలగొట్టాను. డెబ్భై రెండేళ్ల వయసులో ఇది మాటలు కాదు. ప్రొద్దుటూరులో మా వీధి టీ అంగడి దగ్గర ఈ కథ చెప్పిన ప్రతిసారీ పగిలిన ముక్కులు పెరుగుతూ వచ్చాయి. అసలు జరిగిందేమిటో కూడా చెబుతాను.

ముందు నేల సంగతి. ఆరేళ్ల కిందట ఒక బంగారు అంగడి యజమాని ఇంట్లో చెక్కలాంటి నేల చూసి మనసు పడ్డాను. లామినేట్ అన్నారు. మా నాయన పరిపించిన నల్లబండల మీద దాన్ని పరిపించాను. బండల కోసం ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో లారీలు మా జిల్లాకు వస్తాయి. ఆ బండల మీద అట్టముక్కలు కప్పినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

నా భార్య శుక్రవారం ఇల్లు కడిగే మనిషి. తుడవడం కాదు, కడగడం. నాలుగు బక్కెట్లు గుమ్మరించి, చీపురుతో నీళ్లు వాకిట్లోకి తోలుతుంది. తడిగుడ్డ తప్ప నీళ్లు తగలకూడదని పరిచినవాడు చెప్పిపోయాడు. ఆమె ఒక వారం విన్నది. రెండో వారం బక్కెట్ ఎత్తి, "కడగని ఇల్లు ఇల్లేంది?" అంది. నీళ్లు తాగిన పలకలు ఉబ్బి, అంచులు కొడవళ్లలా పైకి లేచాయి. ప్రతి శుక్రవారం అరుపులు, గిన్నెలు విసురుకోవడాలు. మొన్న ఎండాకాలంలో ఒక శుక్రవారం ఆ అంచుకు కాలు తట్టుకుని ఆమె పడింది. కుడి మణికట్టు విరిగింది.

చేతికి కట్టుతోనే పులివెందులలోని చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే ఒకటే మాట. "ఆ అట్టలు పీకి నీళ్లు పోసే నేల వెయ్యి. నా బక్కెట్టు జోలికి రానని చెప్పు. అప్పుడొస్తా. లేకుంటే ఈడనే ఉంటా."

మొదటిదానికి సరేనన్నాను. రెండోదానికి ఊఁ కొట్టి మాట మార్చాను.

టైల్స్ అంగళ్లన్నీ తిరిగాను. నిగనిగలాడేవి తడిస్తే జారతాయి. జారనివి నా పింఛనుకు అందవు. చివరికి చవకైనది మన బండే అని తేలింది. అట్టల కింద పాతవి పాడైపోయి ఉంటాయనుకుని, కొత్తవాటికి జమ్మలమడుగు బస్సెక్కాను.

బండను వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. నేను కణుపుతో కాదు, అక్కడ పడి ఉన్న సుత్తితో కొట్టాను. మూడో బండ రెండు ముక్కలైంది.

"ఏందప్పా, కొనేకొచ్చినావా, పగలగొట్టేకొచ్చినావా?" అన్నాడు గుమాస్తా.

"చీలికుండే బండ అమ్ముతాండావు, దొంగనాకొడకా" అన్నాను.

అతను నా చొక్కా పట్టుకున్నాడు. నేను సుత్తి ఎత్తాను. అతను పక్కకు నూకాడు. రాతిపొడిలో బోర్లా పడ్డాను. పగిలిన ముక్కు ఒక్కటే, అది నాది. కట్టుడు పళ్లు ఊడి దూరంగా పడితే ఒక హమాలీ కడిగి తెచ్చాడు. "పండ్లు పెట్టుకో మామా. కొట్లాటకు మళ్లొద్దువు గానీ" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ కసి ఇంటికి తెచ్చుకున్నాను. చొక్కా మీద నెత్తురు ఆరకముందే గడ్డపార తీసి లామినేట్ మీద పడ్డాను. పొడిచాను, పెళ్లగించాను, విరిచాను. పలకలు ఎముకల్లా పటపటమన్నాయి. ఒక ముక్క ఎగిరి చెవి కోసింది. అయినా ఆపలేదు. ప్రతి పోటుకూ గుమాస్తాను తిట్టాను. చేతులు పడిపోయాకగానీ గడ్డపార వదల్లేదు.

మరుసటి రోజు కొలతలకు మేస్త్రీ వచ్చాడు. మా వీధి సాయబే, నాకంటే పదేళ్లు చిన్న. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కింద ఇంత మంచి బండలు పెట్టుకోని కొత్తవి ఎందుకు కొంటాండావు పెద్దాయనా? అట్టలు చేత్తో లాగితే వస్తాయి. నువ్వు బండల్ని పొడిచినావే."

లెక్కపెట్టాడు. నాయన పరిపించిన బండల్లో ఏడు చితికిపోయాయి. మిగతావి రుద్దితే చాలన్నాడు. కొనవలసినవి నేను పగలగొట్టిన ఆ ఏడే. వాటికోసం తల వంచుకుని మళ్లీ అదే యార్డుకు పోయాను. గుమాస్తా నా చేతుల వైపు చూసి, "సుత్తి తేలేదు కదా?" అన్నాడు. ఏడు బండలూ తన కణుపుతోనే కొట్టి వినిపించి, ఏరి ఇచ్చాడు.

నేల సిద్ధమయ్యాక ఆమె వచ్చింది. చెప్పులు విడిచి బండ మీద పాదం ఆనించి కాసేపు నిలబడింది. శుక్రవారం ఎడమచేత్తో బక్కెట్ ఎత్తింది. నేను వాకిట్లో కూర్చున్నాను, లేవలేదు.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. ముక్కుల దగ్గర నవ్వింది. చివరిదాకా విన్నాక ఇలా అంది.

"ముక్కుల సంగతి ఒప్పుకున్నావు, సరే. నేను అంచుకు తట్టుకోని పడలేదు. బక్కెట్టు గుంజి నన్ను గోడకు నూకినావు నువ్వు. దాన్ని అట్టల మింద ఎందుకు తోస్తాండావు?"