రాజు బిడ్డకు తట్టు టీకా

కాలనీ ప్రజలందరికీ ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ రోజు ఒక పసిపిల్ల చేతికి సూది పడినది.

పిల్ల మా పక్క క్వార్టర్ రాజు బిడ్డ. రాజు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. పోయినసారి సూదికి జ్వరమొచ్చిందని, ఈసారి తట్టు టీకా వద్దని మొండికేశాడు. భార్య బతిమాలినా వినలేదు.

“బాయిల దిగేటప్పుడు నెత్తికి టోపీ ఎందుకురా?” అన్నాను.

“పైనుంచి బండ పడితే ఎట్ల కాకా?”

“రోజూ పడుతదా?”

“పడ్డనాడు టోపీ ఉండాలె గద.”

“మరి నీ బిడ్డ ఉత్త నెత్తితోనే దిగాల్నా? జల్ది నడువు, అంగన్‌వాడీల నర్సమ్మ టీకాల డబ్బా మూస్తున్నది.”

బిడ్డనెత్తుకుని అంగన్‌వాడీకి ఉరికాడు. సూదికి బిడ్డ ఏడ్చింది, వాడూ ఏడ్చాడు. నా నోటికి జడిసి అందరూ తప్పుకునే కాలనీలో ఒక్కడు నా మాట విన్నాడు. వాడికి దండం.

నర్సమ్మ డబ్బా మూస్తోందన్నది మాత్రం పచ్చి కల్పన. ఆమె అప్పుడే వచ్చి చాయ్ తాగుతోంది. మీరైతే ఏ అబద్ధమాడేవారు?