నొక్కు పడ్డ కత్తెర

వైద్య సామాన్ల కొట్టుకి వచ్చి గంట దాటినా పెద్దాయన కత్తెర బేరం తెమల్లేదు. ఇరవై ఆరేళ్లుగా అంబులెన్సులో రోగుల్ని ఎత్తి దించిన మనిషి. ఈ నెలాఖరుకి ఉద్యోగం దిగిపోతున్నాడు. ఆయన చోట్లోకి వచ్చేది సొంత తమ్ముడి కూతురే. అత్యవసర పెట్టెలో ఆ పిల్లకి నికార్సయిన కత్తెర అమర్చి మరీ వెళ్లాలని ఆయన పట్టు. అందుకే ఆమెనీ వెంటబెట్టుకొచ్చాడు.

సంచిలోంచి పాత సీటు బెల్టు, జీన్సు ప్యాంటు కాలు, బూటు తోలు తీసి బల్లమీద పెట్టాడు. మొదటి కత్తెర బెల్టును నమిలింది గానీ తెంపలేదు. రెండోదాని మర వదులై కోసే అలుగులు ఎడమయ్యాయి. మూడోది బాగానే కోసింది గానీ, కింది అలుగు కొసని చెంపకి ఆనించుకుంటే గుచ్చుకుంది; రోగి ఒంటికి తగిలితే గాయమే. పక్కన పెట్టేశాడు.

"ఆఫీసువాళ్లు ఉత్తినే ఇస్తారుగా పెద్దాయనా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు కొట్టాయన.

"దురద నాదేలేవయ్యా. ఆ నాలుగోది ఇటివ్వు."

నాలుగోది బరువైన ఉక్కు. బెల్టు ఒక్క పట్టున తెగింది. ఇరవైసార్లు కోశాడు. తోలు కోశాడు, మళ్లీ బెల్టు కోశాడు. పదును తగ్గలేదు.

పిల్ల నవ్వింది. "ఇంక చాలు పెదనాన్నా. అప్పుడెప్పుడో నీకు నాసిరకం కత్తెర ఇచ్చారని దీనికిన్ని పరీక్షలా?"

ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఆ కథ ఇంట్లో అందరికీ తెలుసు. పదకొండేళ్ల కిందట ఒక కారు బోల్తాపడింది. లోపల తలకిందులుగా వేలాడుతున్న మనిషి మెడకి బెల్టు బిగుసుకుంది. కత్తెరకి బెల్టు తెగలేదు, మనిషి దక్కలేదు. కత్తెర నాసిరకమని ఈయన చెబితే ఆఫీసువాళ్లు అలాగే రిపోర్టు రాశారు, ఈయన సంతకం పెట్టాడు. పోయినాయన భార్య ఈయన చేతులు పట్టుకుని, "మీరు చెయ్యగలిగింది చేశారన్నా" అంది. ఈయన తేలు కుట్టిన దొంగలా నోరెత్తలేదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాడు. ఇప్పుడు ఈ పిల్ల కూడా ఆ అబద్ధాన్నే నమ్ముకుని బండెక్కబోతోంది.

"నాసిరకం కాదమ్మా," అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాను, అంతే. ఆ పొద్దున డిపోలో బట్టలారేసే ఇనప తీగ కట్టబోతే పొడుగైంది. వేరే కత్తెర వెతకడానికి బద్ధకించి, పెట్టెలోది తీసి తెంపాను. అంచుకి నొక్కు పడింది. చూశాను కూడా. ఏమవుతుందిలే అని మళ్లీ పెట్టెలో పడేశాను. సాయంత్రం బెల్టు సరిగ్గా ఆ నొక్కులోనే ఇరుక్కుంది. నాలుగు నిమిషాలు రంపంలా కోశాను. ఆయన నా మొహమే చూస్తున్నాడు."

కొట్టాయన తలెత్తకుండా నాలుగో కత్తెరని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

బయట మెట్ల దగ్గర పెద్దాయన సంచి అడుగునుంచి పాత కత్తెర తీశాడు. "ఇదే అది. డిపోలో రోజుకొకడు అడుగుతాడు, ఒక్కసారి కత్తెర ఇవ్వమని. డబ్బాకో, తీగకో. వాళ్లకి ఇది ఇవ్వు. ఇలా ఎందుకుందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పిల్ల ఆ నొక్కుని బొటనవేలితో తడిమి చూసింది.

"పోయినాయన భార్యకి చెప్పావా?"

"లేదు."

"ఇల్లు తెలుసా?"

"తెలియకేం. పదకొండేళ్లుగా ఆ వీధి తప్పించుకునే డ్యూటీకి వెళ్తున్నాను."

పిల్ల కొత్త కత్తెరని తన సంచిలో పెట్టుకుంది. పాతదాన్ని ఆయన చేతికే తిరిగిచ్చింది.

"ముందు ఆవిడకి చూపించు. నేనూ వస్తాను, పద."

ఆయన పాత కత్తెరని పిడికిట పట్టుకుని మెట్లు దిగాడు. తర్వాత ఆ వీధివైపు దారి చూపిస్తూ ముందు నడిచాడు.