ఆ ఆదివారం చెప్పిన సాక్ష్యం

ఆరేళ్లుగా మోస్తున్నాను. ప్రార్థనలో కూడా ఎప్పుడూ బయటపెట్టలేదు. దేవుడికి తెలుసు కదా, మళ్లీ చెప్పడమెందుకని దాటేసేదాన్ని. ఎంత తెలివి! మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కెనడాలోని లండన్‌లో చదువుకునేటప్పుడు ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురం ఆడపిల్లలం ఉండేవాళ్లం. నాది గుంటూరు వైపు, పాస్టర్ గారి అమ్మాయిని. నా గదిలో ఉండే స్వప్నది కరీంనగర్. గుడికీ వెళ్లదు, చర్చికీ రాదు. దేవుడు లేడని నవ్వుతూ చెప్పేది. ఆమె మారుమనసు కోసం నేను రోజూ ప్రార్థించేదాన్ని. ఎంత పొగరు!

ఆ టర్మ్‌లో మా ఇద్దరికీ సినిమాల మీద ఒక కోర్సు ఉండేది. ఒక పాత హారర్ సినిమా చూసి వ్యాసం రాయాలి. అందులో నమ్మకం సడలిన ఒక చర్చి ఫాదర్, చిన్నపిల్లను పట్టిన దెయ్యాన్ని తన ఒంట్లోకి రమ్మని, ఆ పిల్లను బతికించి తాను చనిపోతాడు. విశ్వాసం గురించి నాకు తెలియందేముంది అనుకున్నాను. ఒక్క వాక్యం రాలేదు. స్వప్న మాత్రం సినిమా మూడుసార్లు చూసి రాసింది. ఆ ఫాదర్ దేవుణ్ణి నమ్మి చావలేదు, పిల్ల ఏడుపు వినలేక చచ్చాడని రాసింది. ఆమె పనికి వెళ్లినప్పుడు లాప్‌టాప్ తెరిచి ఆ వ్యాసం తీసుకున్నాను. అక్కడక్కడా మాటలు మార్చి నా పేరు పెట్టుకున్నాను.

పట్టుబడ్డాం. ప్రొఫెసర్ ఇద్దర్నీ కూర్చోబెట్టి అసలు రాసిందెవరని అడిగింది. నేను నేల చూశాను. స్వప్న నా వైపు ఒక్కసారి చూసి, తానే కాపీ చేశానంది.

బయటికి రాగానే అడిగాను. “ఎందుకలా చెప్పావే?”

“నీకు ఇంతకుముందే ఒక వార్నింగ్ ఉన్నది గదా. రెండోది పడితే కాలేజ్‌లకెళ్లి తీసేస్తరు. నాకైతే జీరో ఏస్తరు, అంతే.”

“దేవుడు నిన్ను దీవిస్తాడు స్వప్నా.”

“నడుమ దేవుడెందుకే? నిజం చెప్పాల్ననిపిస్తే లోపలికి పోయి చెప్పు. లేకుంటే సప్పుడు జేయకు.”

నేను చప్పుడు చేయలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. రెండు వారాల తర్వాత, మా తెలుగువాళ్లు స్కూల్ జిమ్ అద్దెకు తీసుకుని జరిపే ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నేను బతిమాలితే ఆ రోజు స్వప్న కూడా వచ్చి వెనక కూర్చుంది. నేను మైకు పట్టుకుని, చదువులో నా మీద పడిన నింద నుంచి ప్రభువు నన్ను విడిపించాడని చెప్పాను. నింద! ఆ మాట నా నోట ఎలా వచ్చింది? ఆమె వింటోందని తెలిసీ ఎందుకన్నాను? వింటోంది కాబట్టే అన్నానేమో. అంతా దేవుడే చేశాడని తేలిపోతే ఇక ఆమె ముందు తల దించుకోనక్కర్లేదు కదా. అందరూ స్తోత్రం అన్నారు. అక్కడి పాస్టర్ అంకుల్ కళ్లు తుడుచుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా స్వప్న నిలబడే వచ్చింది.

ఆమె ఆ కోర్సు తప్పింది. తర్వాతి టర్మ్‌లో కాలేజీ ఆ కోర్సు పెట్టలేదు. స్టడీ పర్మిట్ గడువు ముగిసింది, ఎక్స్‌టెన్షన్ రిజెక్ట్ అయింది. కరీంనగర్ వెళ్లిపోయింది. నేను ఇక్కడే, కెనడాలోని కిచెనర్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ వచ్చిన వారం చర్చిలో మళ్లీ స్తోత్రాలు చెప్పించాను.

కొన్నాళ్లు ఆమె మీదే మండిపడ్డాను. ఎవరు చేయమన్నారు త్యాగం? నన్ను అడిగిందా? ప్రాణం ఇచ్చినవాడి గురించి మా నాన్న గంటలకొద్దీ ప్రసంగించేవారు. బతికిపోయిన వాళ్లు ఆ తర్వాత ఏ మొహంతో బతికారో ఒక్కసారీ చెప్పలేదు. ఆ సినిమా కూడా చూపించలేదు. అయితే అదీ దొంగ కోపమే. సినిమాలో ఆ పిల్ల చిన్నది, ఏమీ ఎరగనిది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నోరుంది. లోపలికి వెళ్లే తలుపు రెండడుగుల దూరంలో ఉంది.

స్వప్న నంబరు నా దగ్గరుంది. క్షమించమంటే క్షమించేస్తుందని భయం. అది కూడా ఆమె చేతే మోయించాలా? అడగను.

ఆ వ్యాసం స్వప్నది. దొంగిలించింది నేను. నన్ను విడిపించింది దేవుణ్ణి నమ్మని స్వప్న. ఏదో ఒక ఆదివారం మైకు ముందు నిలబడి ఈ మాట చెప్పగలనో లేదో తెలియదు. మీకైతే చెప్పేశాను.