గ్యారేజీలో కూర్చుని గెలిపించిన ఆట

ఆ రోజుల్లో నాకు వచ్చిన ఆట క్రికెట్ ఒక్కటే. అదైనా ఆడటం కాదు, ఆడేవాళ్ళని తిట్టడం. శాంటా క్లారాలో మొదటి ఉద్యోగం, ముగ్గురం కలిసి ఉండే చిన్న అపార్ట్‌మెంటు, ఒక రైస్ కుక్కరు, హాల్లో మాకంటే ముందున్నవాళ్ళు వదిలేసి వెళ్ళిన సోఫా. ఇప్పుడు తలుచుకుంటే అదంతా స్వర్గంలా అనిపిస్తుంది గానీ, అప్పట్లో నాకు కంటినిండా నిద్ర ఉండేది కాదు. కారణం, నాది ఆరు నెలల కాంట్రాక్టు. జూన్ నెలాఖరుతో అయిపోతుంది. పొడిగిస్తే ఉద్యోగం, వీసా రెండూ నిలబడతాయి, లేదంటే పెట్టె సర్దుకోవడమే. పొడిగించేదీ లేనిదీ మా మేనేజరు చేతిలో ఉంది. ఆయన ఈ ఆరు నెలల్లో నన్ను మూడుసార్లు పలకరించాడు, మూడుసార్లూ మూడు వేర్వేరు పేర్లతో. (మూడింట్లో ఒకటి నా పక్క సీటు చైనా అమ్మాయిది.)

మా టీమ్ లీడ్ విజయవాడ వాడు. ఆఫీసులో తెలుగువాళ్ళందరం ఆయన్ని కెప్టెన్ అనేవాళ్ళం. లాస్ ఏంజిలిస్‌లో చదువుకున్నాడు కాబట్టి ఆ ఊరి పసుపు చొక్కాల బాస్కెట్‌బాల్ జట్టంటే ఆయనకి ప్రాణం. ఆ పసుపు వాళ్ళకీ, తూర్పు తీరం నుంచి వచ్చే ఆకుపచ్చ వాళ్ళకీ మధ్య వైరం మా నాన్నల కాలం నాటిది. (జట్ల పేర్లు కావాలనే చెప్పడం లేదు. తెలిసినవాళ్ళకి రంగు చాలు, తెలియనివాళ్ళకి పేరు చెప్పినా ఒకటే.) ఆ ఏడాది ఫైనల్లో మళ్ళీ ఆ రెండు జట్లే తలపడ్డాయి. ఏడు ఆటల పోటీలో చెరి మూడూ గెలిచి ఏడో ఆటకి వచ్చి ఆగాయి. అప్పుడు కెప్టెన్ నా డెస్కు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు: "రేపు సాయంత్రం మా ఇంటికొచ్చెయ్. మేనేజర్ కూడా వస్తున్నాడు, ఆయనా మన పసుపే. పక్కన కూర్చుని గేమ్ గురించి నాలుగు ముక్కలు మాట్లాడు. నీ రెన్యూవల్ డిసైడ్ చేసేది ఎల్లుండే. ఇంకో మాట. మనవాళ్ళు ఓడిపోతే ఆయన ఎవరితోనూ మాట్లాడడు, లేచి వెళ్ళిపోతాడు. ఏం మాట్లాడినా ఆట అవుతుండగానే మాట్లాడు."

ఆ సాయంత్రమంతా కూర్చుని బాస్కెట్‌బాల్ నిబంధనలు బట్టీ పట్టాను. ఇంజనీరింగ్ చివరి ఏడాది పరీక్షలకి కూడా అంత చదవలేదు. "డిఫెన్స్ బాగుంటే అన్నీ బాగుంటాయి" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని అద్దం ముందు నిలబడి, పెదవి ఒక పక్కకి వంచి, అమెరికా వాడిలా అనడం సాధన చేశాను. మర్నాడు దుకాణంలో దొరికిన పసుపు చొక్కా ఒకటి కొని, తొడుక్కుని బయల్దేరాను. బయట వెలుతురులో చూస్తే అది రోడ్డు పనివాళ్ళు వేసుకునే మెరుపు పసుపు.

కెప్టెన్ ఇంట్లో అప్పుడు ఆయన అత్తమామలు ఉన్నారు. తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలైంది. మావయ్యగారు రిటైరైన లెక్కల మేష్టారు. వచ్చిన కొత్తలో ఏమీ తోచక, పక్క వీధి లైబ్రరీ నుంచి పాతికేళ్ళ నాటి బాస్కెట్‌బాల్ ఆటల వీడియోలు తెచ్చుకుని చూడటం మొదలుపెట్టారట. నెల తిరిగేసరికి, జన్మలో బంతి పట్టుకోని ఆ మనిషి ఆకుపచ్చ జట్టుకి వీరాభిమాని అయిపోయారు. పాత ఆటగాళ్ళకి సొంతంగా పేర్లు కూడా పెట్టుకున్నారు. మాట్లాడకుండా బంతి వేసుకుంటూ పోయేవాడు 'కరణంగారు', ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు 'పెళ్ళికొడుకు'. రోజూ రాత్రి భోజనాల దగ్గర మామా అల్లుళ్ళకి వాదన. "ఇప్పటివాళ్ళ స్పీడ్ ముందు మీ కరణంగారు నిలబడగలడా మావయ్యగారూ?" అని అల్లుడు, "మీవాళ్ళని మా కాలానికి పంపించండి అల్లుడుగారూ, మొదటి మోచేతి దెబ్బకే అమ్మా అంటారు" అని మామ. ఇద్దరికీ పెరుగు వడ్డిస్తూ మధ్యలో అత్తయ్యగారు.

ఆట మొదలైంది. పెద్ద టీవీ ముందు పొడుగు సోఫాలో కెప్టెన్, ఆయన పక్కన ఏళ్ళ తరబడి ఉతకని పసుపు టోపీతో మేనేజరు, ఆయన పక్కన నేను. నా చొక్కా చూసి మేనేజరు కళ్ళు చికిలించాడు. నేను నా డిఫెన్స్ వాక్యం ఎప్పుడు వదలాలా అని చూస్తున్నాను. ఇంతలో ఆకుపచ్చ వాళ్ళు బంతి వేస్తే మావయ్యగారు ఒక్క చప్పట కొట్టారు. హాల్లో అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన లేచి, "నేను అటు కూర్చుంటానులెండి, ఇక్కడ ప్రజాస్వామ్యం లేదు" అంటూ గ్యారేజీలోకి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళినా పసుపు వాళ్ళ రాత మారలేదు. ఆటకి నాలుగు భాగాలు, రెండో భాగంలోనూ వెనకబడే ఉన్నారు. అప్పుడు నేను చేసిన తప్పల్లా మంచినీళ్ళు తాగుదామని వంటింట్లోకి వెళ్ళడం. నేను లేచానో లేదో హాల్లో పెద్ద కేక, పసుపు వాళ్ళు వేశారు. ఆ కేకకి పరుగెత్తుకొచ్చి కూర్చున్నాను, బంతి పోయింది. ఇంకోసారి బజ్జీల పళ్ళెం అందుకోవడానికి లేచాను, వేశారు. కూర్చున్నాను, పోయింది. ఇది నేనూ గమనించాను గానీ, ఎవరూ గమనించలేదులే అనుకున్నాను. అత్తయ్యగారు ఉన్న ఇంట్లో అలా అనుకోకూడదు. క్రికెట్ చూస్తున్నప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుంటే వికెట్ పడుతుందో ముప్పై ఏళ్ళుగా లెక్క చూసుకుంటూ వచ్చిన మనిషి ఆవిడ. బజ్జీల గరిటె పట్టుకునే వచ్చి, "ఏవండీ అల్లుడుగారూ, ఆ అబ్బాయి కూర్చుంటేనే పోతోంది, చూశారా?" అన్నారు.

కెప్టెన్ నా వైపు చూశాడు. ఆ చూపులో నా ఉద్యోగం మీద జాలి ఉంది, కాదనను. కానీ పసుపు జట్టు మీద ప్రేమ దానికంటే ఎక్కువ ఉంది. మేనేజరుకి విషయం ఇంగ్లీషులో వివరించాడు. ఆయన నవ్వుతాడని ఎదురు చూశాను. ఆయన నవ్వలేదు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, చాలా మర్యాదగా గ్యారేజీ తలుపు వైపు చెయ్యి చూపించాడు. ఆ రోజు నాకు తెలిసింది, మనకి అత్తయ్యగారు ఎలాగో వాళ్ళకి ఉతకని టోపీ అలాగని.

గ్యారేజీలో బియ్యం బస్తాలు, వాషింగ్ మెషీను, కెప్టెన్ పాత కారు. ఆ కారు ముందు సీట్లో మావయ్యగారు రేడియో పెట్టుకుని ఆట వింటున్నారు. సీటు బెల్టు కూడా పెట్టుకున్నారు. "కారు కదలదు కదా సార్?" అన్నాను. "కారు కదలకపోవడం దాని ఇష్టం, బెల్టు పెట్టుకోవడం మన ధర్మం. కూర్చో బాబూ. నిన్నెందుకు తోలేశారు?" అన్నారు. చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "గోడ ఇవతల మనిషికీ, నాలుగొందల మైళ్ళ అవతల బంతికీ సంబంధం ఏవిటయ్యా! లెక్కల మేష్టారి భార్య అయ్యుండి ముప్పై ఏళ్ళుగా ఇదే వరస." ఏడుపు ఆపుకోలేక ఆయనకి నా కాంట్రాక్టు సంగతంతా చెప్పేశాను. నెలాఖరుకి ఇంటికి పోవాల్సి వస్తుందేమో సార్ అన్నాను. ఆయన నా ఒళ్ళో బజ్జీల పొట్లం పెట్టారు.

ఆ గంటలో నేను నేర్చుకున్న బాస్కెట్‌బాల్ ఇంకెప్పుడూ నేర్చుకోలేదు. రేడియోలో ఎవరు పరిగెడితే వాళ్ళకి ఆయన పాత కాలం నుంచి ఒక జోడీని తీసుకొచ్చి పక్కన నిలబెట్టేవారు. మరి ఇప్పటివాళ్ళు గొప్పా, అప్పటివాళ్ళు గొప్పా అని అడిగాను. "మా రోజుల్లో అరవై మార్కులొస్తే ఫస్ట్ క్లాసని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు మా మనవడు తొంభై ఆరొచ్చాయని ఏడుస్తున్నాడు. వాడు మాకంటే తెలివైనవాడా? ఏమో. మార్కులు చూసి చెప్పకు బాబూ, పేపరు చూసి చెప్పు. ఎవరి పేపరు వాళ్ళు రాశారు." తర్వాత ఆయనే, గొంతు తగ్గించి, "అయినా కరణంగారు కరణంగారే అనుకో" అన్నారు.

నాలుగో భాగం సగంలో ఉండగా రేడియో ఒక్కసారి గుక్క పట్టి ఆగిపోయింది. గంటకి పైగా వాగిన పాపానికి కారు బ్యాటరీ అయిపోయింది. ఇక మాకు మిగిలింది గోడ. గోడకి చెవులు ఆనించి నిలబడ్డాం. అరుపులు వినిపిస్తే పసుపు, నిశ్శబ్దమైతే ఆకుపచ్చ. ఒక అరుపు, రెండు నిశ్శబ్దాలు. ఇంకో అరుపు. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. మావయ్యగారి ముఖం వెలిగింది, నేను తలుపు వైపు చూశాను. ఓడిపోతున్నారు. మేనేజరు బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి, కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోతాడు. ఇప్పుడు లోపలికి వెళ్ళి ఆ డిఫెన్స్ వాక్యం అనకపోతే ఇక ఈ జన్మలో అనలేను. "నేను పోతా సార్" అని తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

ఒక్క క్షణం ఆలోచించండి. ఆయన ఆకుపచ్చ అభిమాని. అత్తయ్యగారి లెక్క ప్రకారం, నేను హాల్లోకి అడుగు పెడితే చాలు, ఆయన జట్టు గెలిచినట్టే. "వెళ్ళి రా నాయనా" అంటే సరిపోయేది, అందులో నా మేలూ ఉంది. మావయ్యగారు అటు చూశారు, ఇటు చూశారు, వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు బాబూ. ఇంకో రెండు నిమిషాలు."

"మీరే అన్నారు కద సార్, గోడకీ బంతికీ సంబంధం లేదని!"

"లేదు. ముమ్మాటికీ లేదు. అయినా ఎందుకొచ్చిన గొడవ. మావాళ్ళు గెలిస్తే నాకొక పూట సంతోషం. అల్లుడుగారు ఓడిపోతే మా అమ్మాయికి నెల్రోజులు ముభావం. నువ్వే లెక్క వేసుకో. నీ ఉద్యోగం సంగతి నేను అల్లుడుగారితో మాట్లాడతాను. నా మాట మీద నుంచో."

నాకు చచ్చేంత భయం వేసింది. అయినా పిడి వదిలేశాను. ఆ మాటకి ఎదురు చెప్పబుద్ధి కాలేదు. ఇద్దరం చీకటి కారు పక్కన, బియ్యం బస్తాల మధ్య, ఆయన చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉండగా, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. అప్పుడు గోడ అవతల ఒక అరుపు. ఆ వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత ఇల్లు అదిరిపోయేలా అరుపులు, గెంతులు, ఏదో పగిలిన చప్పుడు. (బజ్జీల పళ్ళెం.) మావయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, "పోన్లే. కరణంగారు ఉండుంటేనా..." అన్నారు.

తలుపు తెరుచుకుని కెప్టెన్ వచ్చాడు. నన్ను గాల్లోకి ఎత్తేశాడు. మావయ్యగారి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన వెనక్కి జరిగి, "ముందు ఈ అబ్బాయి సంగతి చూడండి అల్లుడుగారూ, తర్వాత దణ్ణాలు" అన్నారు. కెప్టెన్ నన్ను హాల్లోకి లాక్కెళ్ళాడు. మేనేజరు లేచి నిలబడి, టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని, నాకు రెండు చేతులతో షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నా డిఫెన్స్ వాక్యం అప్పుడు వదిలాను. ఆయన చాలా లోతుగా తల ఊపాడు. మర్నాడు నా కాంట్రాక్టు పొడిగించారు. అది నా కోడింగ్ చూసి ఇచ్చారని చెప్పుకోవాలని ఉంది గానీ, ఆయన అక్కడ ఉన్నంత కాలం నన్ను 'గ్యారేజ్' అనే పిలిచాడు. ఆరు నెలల తర్వాత ఒక పేరైతే స్థిరపడింది.

ఇదంతా జరిగి పదిహేనేళ్ళు దాటింది. ఇప్పుడు నాకూ ఒక ఇల్లు, గ్యారేజీ, స్కూలు జట్టులో ఆడే పన్నెండేళ్ళ కూతురు ఉన్నాయి. ఆ మధ్య భోజనాల దగ్గర, "నాన్నా, మీ టైమ్‌లో ప్లేయర్స్ సో స్లో. ఇప్పుడు వాళ్ళు ఆడితే ట్వంటీ పాయింట్స్‌తో ఓడిపోతారు" అంది. పేపరు చూసి చెప్పాలమ్మా అని మొదలుపెట్టాను. ఆ మాట నా నోట వినగానే నాకే నవ్వొచ్చింది, తెనాలి యాస ఒక్కటే తక్కువ. "ఓకే, ఆ గేమ్ సెవెన్ నువ్వు నిజంగా చూశావా?" అని నిలదీసింది. ఇన్నాళ్ళూ "నేను అక్కడే ఉన్నాను" అని చెబుతూ వచ్చాను. అబద్ధం కాదు, కానీ గోడ సంగతి చెప్పలేదు. ఆ రోజు చెప్పేశాను. పొట్ట పట్టుకుని నవ్వి, ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ ఆట మొత్తం పెట్టింది. "ఇప్పుడు చూడు."

చూశాను. ఎంత మొరటుగా ఆడారో, ఎన్ని బంతులు వృథా చేశారో! అమ్మాయి అన్నదాంట్లో నిజం ఉంది. ఆ మాట ఆమెతో ఒప్పుకున్నాను కూడా. నాలుగో భాగం మొదలైంది. పసుపు వాళ్ళు వెనకబడి ఉన్నారు, ఒక బంతి పోయింది, ఇంకొకటి పోయింది. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగా గుర్తు లేదు. చూసుకునేసరికి గ్యారేజీలో, కారు ముందు సీట్లో ఉన్నాను.

అమ్మాయి తలుపు తీసుకుని వచ్చింది. "నాన్నా! అది రికార్డింగ్! వాళ్ళు ఆల్రెడీ గెలిచేశారు!"

"తెలుసమ్మా. ఎలా గెలిచారనుకున్నావు మరి?"

నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. లోపల టీవీలోంచి పెద్ద హోరు వినిపించింది. ఆమె ఇంట్లోకి వెళ్ళలేదు. చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీట్లో కూర్చుని, నేను చెప్పకుండానే సీటు బెల్టు పెట్టుకుంది.