బుగ్గలు నిండిన ఏడాది

పిచ్చికా, నువ్వు పోయి నెల కావస్తోంది. నీ కంచం ఇంకా రోజూ కడుగుతూనే ఉన్నాను.

మా అమ్మాయిని ఎరిగినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చదువు తక్కువదాన్ని, తప్పులుంటే ఏమనుకోకండి. నాలుగు మెతుకులు ఏరుకుని కంచం ముందు నుంచి లేచేది కాబట్టి పిచ్చిక అనేవాళ్ళం. చిన్నప్పటి నుంచీ ఆయాసం. మేముండే ఈ హిందీ ఊళ్ళో, తెలీబంధా బజారులో చీరల కొట్లో పనికి కుదిరాక, మెట్లెక్కలేక మధ్యలోనే కూర్చుండిపోయేది.

దగ్గర్లోని మందిర్ హసౌద్ ఊళ్ళో ఒకాయన ఆయాసానికి పొడి ఇస్తాడు. ఏటా నేను రాఖీ కట్టే మనిషి, భయ్యా అనే పిలిచేదాన్ని. "జడీ-బూటీ బహెన్, ఆకులూ వేళ్ళే. ఇంగ్లీషు మందు ఒక్క కణం లేదు," అన్నాడు.

పొడి మొదలెట్టాక ఆయాసం తగ్గింది. ఆకలి పుట్టింది. "అమ్మా, ఇంకో గరిటె పప్పుచారు పొయ్యవే. ఇప్పుడు నేను పిచ్చికను కాదు, బాతును," అని నవ్వేది. బుగ్గలు గుండ్రంగా నిండాయి. పక్కింటామె "బిటియా తో గోల్-మటోల్ హో గయీ!" అని, పిల్ల బొద్దుగా అయిందని మురిస్తే, నేను దిష్టి తీశాను.

నవరాత్రికి ఇక్కడి పిల్లల్లాగే ఉపవాసం పట్టింది. మందు కూడా నోట్లో వేసుకోనంది. భయ్యాకి ఫోన్ చేసి అడిగాను.

"ఆకులే కదా బహెన్, ఆపితే ఏం కాదు."

కొన్నాళ్ళకే వాంతులు, కళ్ళు తిరగడం. ఉపవాసం నీరసం అనుకున్నాం. స్పృహ తప్పాక ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరమ్మ రక్తం తీయించి, వెంటనే సూది వేసి, "స్టిరాయిడ్ ఏమైనా వాడుతోందా?" అంది.

"అమ్మవారి మీద ఒట్టు మేడమ్, లేదు."

సాయంత్రానికి పోయింది.

రిపోర్టు ఆ తర్వాత వచ్చింది. కార్టిసాల్ అట, ఒళ్ళు తనకు తానే తయారుచేసుకునే స్టిరాయిడ్. పిల్ల రక్తంలో అది లేదన్నంత తక్కువ. "బయటి నుంచి రోజూ అందుతుంటే లోపల తయారీ ఆగిపోతుందమ్మా. ఉన్నట్టుండి మానితే ప్రాణం మీదికి వస్తుంది," అంది డాక్టరమ్మ. మిగిలిన పొడి పరీక్ష చేయిస్తే అందులో స్టిరాయిడ్ తేలింది. ఆ ఆకలీ, ఆ బుగ్గలూ దాని పనేనట. నేను మురిసిపోయింది వాటిని చూసే.

భయ్యాని నిలదీశాను. "కొంచెం కలపకపోతే గుణం కనిపించదు బహెన్. అందరూ కలుపుతారు," అన్నాడు.

"కలిపితే కలిపావు. ఆపొచ్చా అని అడిగినప్పుడైనా నిజం చెప్పొద్దా?"

నేను కట్టిన రాఖీ ఇంకా భయ్యా చేతికే ఉంది.

దండ వేసిన ఫొటో ఆ బుగ్గలదే. వచ్చినవాళ్ళు ఎంత కళగా ఉందో అంటారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. పప్పుచారు ఇప్పటికీ బాతు లెక్కకే కాస్తున్నాను, గిన్నెలో మిగిలిపోతోంది. మా ఇంటికొస్తే కాదనకండి. కడుపునిండా తినండి.