కొమురమ్మను చూసిపోయిన అవ్వ

దగ్గరికి జరగండి. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే నవ్వేదాన్ని, దవాఖానకు తీసుకుపొమ్మనేదాన్ని. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకే రాష్ట్రమైన కొత్తలో సంగతి. వరంగల్ కొత్తవాడలో, మగ్గాల వీధిలో మాకు రెండు గదుల పెంకుటిల్లు ఉండేది. మా ఆయన పని కోసం షోలాపూర్ మిల్లుకు పోయాడు. పిల్లలు లేరు. అత్త కాలం చేసింది. ఇంట్లో మగ్గం ఊరికే ఉండేది. నేను పక్కిళ్ళ మగ్గాలకు దారం కండెలు చుట్టి బతికేదాన్ని. పగలంతా రాట్నం చప్పుడైనా ఉండేది, మాపటికి అదీ లేదు. ఒక్కదాని కోసం పొయ్యి ముట్టించబుద్ధి అయ్యేది కాదు.

అట్లాంటప్పుడు కులపెద్దలు కొమురమ్మను నా ఇంట్లో ఉంచారు. అప్పటికి ఆమెకు ముప్పై దాటి ఉంటాయి. పుట్టుకతోనే మాట లేదు. ఒక పక్క కాలూ చెయ్యీ సరిగా లేవు. అన్నం కలిపి పెట్టాలి, నీళ్ళు పోయాలి, పట్టుకుని నడిపించాలి. తల్లీ తండ్రీ పోయాక అన్న వీరేశం మీద పడింది. ఆయనకు హన్మకొండలో బట్టల దుకాణం. భార్య ఇంట్లో పెట్టుకోనంది. అందుకని ఎవరి ఇంట్లోనో ఉంచి, బియ్యం, పప్పు, ఏటా ఒక చీర పంపేవాడు. మా వాళ్ళలో అది ఉన్న పద్ధతే. చూసుకోలేని మనిషిని ఒక ఇంటికి అప్పగించేవాళ్ళు. ఆ ఇల్లు ఎట్లా చూస్తున్నదో మాత్రం ఎవరూ వచ్చి చూసేవాళ్ళు కాదు. బియ్యం అందాయంటే సరిపోయింది అనుకునేవాళ్ళు.

నా దగ్గరికి రాకముందు మట్టెవాడలో సత్తెమ్మ ఇంట్లో ఉండేది. వచ్చిన రోజు నీళ్ళు పోస్తుంటే చీలమండ చుట్టూ పుండు కనిపించింది. పడిపోయి తగిలిందని చెప్పి పంపారు. పడితే చుట్టూరా తగులుతుందా? అడిగితే చెప్పడానికి ఆమెకు నోరు లేదాయె. పసుపు, కొబ్బరినూనె రాస్తూ వచ్చాను. పుండు మానింది, మచ్చ నిలిచిపోయింది.

ఆమె వచ్చాక ఇల్లు ఇల్లులా అయింది. నేను రాట్నం తిప్పుతుంటే దారం కొస పట్టుకుని నవ్వేది. నేను పొద్దంతా మాట్లాడేదాన్ని, ఆమె వినేది. అన్నం రెండు కంచాల్లో వడ్డించుకోవడం ఎంత బాగుంటుందో, ఒంటరిగా తిన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఒకరోజు ఎండ గడపలోకి వచ్చే వేళకు ఒక ముసలమ్మ వచ్చింది. పొట్టి మనిషి. నెరిసిన తల, గడ్డం మీద పచ్చబొట్టు, ఒక్క కాలికే వెండి కడియం. సొంత ఇంట్లోకి వచ్చినట్టే వచ్చి కొమురమ్మ ముందు చతికిలబడింది. గోళ్ళు చూసింది. జుట్టు పాయలు తీసి చూసింది. దుప్పటి వాసన చూసింది.

"పొద్దుగాల ఏం పెట్టినవ్ బిడ్డా?"

"జొన్న గటుక, సల్ల."

"వేడి వేడిదే పెట్టినవా?"

"నోరు కాలదా అవ్వా? ఊది పెట్టిన."

చీర అంచు కొంచెం ఎత్తి మచ్చ చూసింది. "ఇది నీ ఇంటిదా, ఆ ఇంటిదా?"

"వచ్చినప్పుడే ఉన్నది."

తల ఊపింది. మంచినీళ్ళు ఇస్తే తీసుకోలేదు. "సూడ వచ్చిన ఇంట్ల తాగొద్దు" అంది.

వీరేశం తరఫు చుట్టమని అనుకున్నాను. అవతలి వాళ్ళ నుంచి వచ్చిన పెద్దమనిషిని నువ్వెవరని అడిగితే మా వాళ్ళలో మర్యాద కాదు. అడగలేదు. ఆ తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా అదే చూపు, అవే ప్రశ్నలు. ఒకసారి మాత్రం నా వైపు తిరిగింది.

"మరి నువ్వేం తిన్నవ్?"

"నాదేమున్నది తియ్యవ్వా."

"ఎందుకు లేదు? నువ్వు పడిపోతే దీన్ని ఎవలు లేపుతరు?"

ఆమె పోయాక కూర్చుని ఏడ్చాను. నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేక ఎంత కాలమైందో.

కొన్నాళ్ళకు వీరేశం వచ్చాడు. గడపలోనే నిలబడి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"చెల్లె, ఏమనుకోకు. నువ్వు ఒక్కదానివి. నీకు జరమొస్తే దీని గతేంది? సత్తెమ్మ ఇంట్ల మంది ఉన్నరు. మళ్ళ ఆడనే ఉంచుదామనుకుంటాన."

నేను రాట్నం ఆపేశాను. "మంది ఉన్నరు అన్నా. సూసేటోళ్ళున్నరా?"

"నువ్వు దీనితోని కండెలు చుట్టిస్తానవట?"

"దారం పట్టుకోని నవ్వుతది. గదొక పనా? నా మాట నమ్మకు. మీ అవ్వ వచ్చి సూసిపోతనే ఉన్నది గద, ఆమెను అడుగు. పొద్దుగాల గూడ వచ్చింది."

"ఏ అవ్వ?"

ఆనవాళ్ళన్నీ చెప్పాను. "మా ఇంట్ల గసొంటి మనిషే లేదు" అన్నాడు. "దీన్ని ఉంచుకుందామని కత చెప్తానవా?"

నాకు రోషం వచ్చి, పక్కింటి మల్లయ్య బావను పిలిచి అడిగాను. ఆ పొద్దున వీధిలో పడుగు పరిచారు. నేసే ముందు పడుగు దారాలను వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతారు. రెండు పక్కలా మనుషులు నిలబడి ఉంటారు. దాని కింద వంగి దూరకుండా నా ఇంటికి దారి లేదు. ఎవరైనా దూరితే, దారం తెగుతుందని పదిమందీ అరుస్తారు.

"ముసల్దా?" అన్నాడు మల్లయ్య బావ. "పిల్లి దూరినా మాకు ఎర్కైతది. ఎవ్వలు రాలే."

అప్పుడు తట్టింది. ఆ అవ్వ వచ్చిందల్లా పడుగు పరిచిన పూటే. తడి గంజి కింద నుంచి వచ్చిన మనిషికి తల మీద ఒక్క చుక్కయినా ఉండాలి. ఎప్పుడూ లేదు.

ఇంక నా మాటకు విలువ లేకపోయింది. వీరేశం రిక్షా పిలిచాడు. కొమురమ్మ నా కొంగు వదలలేదు, అందుకని నేనూ ఎక్కాను. మట్టెవాడ సందులోకి తిరగగానే ఆమె నా భుజంలో ముఖం దాచుకుంది. సత్తెమ్మ ఇంటి ముందు ఆగితే కాలు కింద పెట్టలేదు.

సత్తెమ్మ నవ్వుతూ బయటికి వచ్చింది. "ఏందక్కా, అప్పుడే యాష్టకొచ్చిందా? నేనైతే ఏండ్లు సాకిన."

వీరేశం వేళాకోళంగా అన్నాడు. "ఈమెకు ఎవలో ముసలవ్వ కనవడ్తాందట. ఒక్క కాలుకే కడియమట."

"అదా!" అంది సత్తెమ్మ. "నీ ఇంటికి గూడ మరిగిందా? మా పానం తీసింది గద. వచ్చినప్పుడల్ల తాడు ఇప్పు, తాడు ఇప్పు అని ఒకటే లొల్లి. ఆఖరికి దాని మొకం మీదనే తలుపేసిన. నీ తరఫు మనిషని ఊకున్న గనీ అన్నా..."

అంతలోనే ఆగిపోయింది.

"ఏం తాడు?" అన్నాడు వీరేశం.

సత్తెమ్మ తలుపు దగ్గరికి లాగబోయింది. లోపల మగ్గం గుంజకు ఏదో వేలాడుతున్నట్టుంది, నేను అటు చూడలేదు. వీరేశం రిక్షా దగ్గరికి వచ్చి, వంగి, కొమురమ్మ చీర అంచు తనే ఎత్తాడు. మచ్చ మీద వేలు పెట్టి చుట్టూరా తిప్పాడు. ఆయన ఆమె కాలు ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

"తిప్పు" అన్నాడు రిక్షా అతనితో. "కొత్తవాడకు."

 వీరేశం మమ్మల్ని ఇంటి ముందు దించి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నేనే వచ్చి సూడాల్సుండె చెల్లె" అన్నాడు. ఆ తర్వాత వస్తూనే ఉన్నాడు.

కొమురమ్మ పోయేదాకా నా ఇంట్లోనే ఉంది. ఆ అవ్వ మాత్రం మళ్ళీ రాలేదు. వీరేశం తన చుట్టాలందరినీ అడిగాడు, నేను కులపెద్దల ఇళ్ళలో అడిగాను. అట్లాంటి మనిషిని ఎరిగినవాళ్ళు లేరు. కొమురమ్మ తల్లి ఎత్తరి, పచ్చబొట్టు లేదు, కాబట్టి ఆమె అని కూడా అనలేను. నాకు, నాతో రాకపోకలు లేని సత్తెమ్మకు ఒకే మనిషి ఎట్లా కనిపించింది? ఎన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. వీధిలో పడుగు పరిచినప్పుడల్లా ఎందుకో తలుపు తీసిపెట్టి కూర్చునేదాన్ని. భయంతో కాదు. వస్తే బాగుండునని.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గాదెలో గింజ తరగకూడదు. మంచాన ఉన్నవాళ్ళూ, వాళ్ళకు చాకిరీ చేసేవాళ్ళూ కడుపు నిండి పడుకోవాలి. పోయి రండి బిడ్డా, పైలం.